టేపు ఎవరి కోసమూ ఆగదు: నోనో వయొలిన్ రచన 'లొంతనాంత్సా' ఎలా పనిచేస్తుంది

టేపుతో కలిసి వాయించాల్సి వచ్చిన ఏ వయొలినిస్టుకైనా రిహార్సల్ మొదటి రోజే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. టేపుకి వినడం రాదు. పక్కన పియానో మీద మనిషి ఉంటే, వయొలిన్ ఒక స్వరం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడితే తనూ ఆగుతాడు, హాల్లో ప్రతిధ్వని మరీ ఎక్కువగా ఉందని వయొలిన్ వేగం తగ్గిస్తే తనూ తగ్గిస్తాడు. టేపుకి ఇవేవీ పట్టవు. ప్లే బటన్ నొక్కాక అది తన దారిన తను పోతుంది, నిన్న ఎలా నడిచిందో ఇవాళ కూడా సరిగ్గా అలాగే నడుస్తుంది, వాయించే మనిషికి చెయ్యి నొప్పి పుట్టినా, హాల్లో ఎవరో గట్టిగా దగ్గినా దాని నడకలో మార్పుండదు. వాద్యాన్నీ టేపునూ కలిపి రాసిన కంపోజర్లు 1950ల నుంచీ ఏదో ఒక రకంగా ఈ చిక్కు చుట్టూనే తిరిగారు. ఇటాలియన్ కంపోజర్ లుయీజీ నోనో 1988-89లో రాసిన 'లా లొంతనాంత్సా నొస్తాల్జికా ఉతోపికా ఫుతూరా' దీనికి ఇచ్చిన జవాబు మిగతా వాటికంటే వింతైనది, మిగతా వాటికంటే లోతైనది కూడా. ఒక సోలో వయొలిన్, ఎనిమిది ట్రాకుల (విడివిడిగా తెరిచి మూయగల శబ్దపు వరుసల) టేపు, హాల్లో అక్కడక్కడా ఎనిమిది నుంచి పది మ్యూజిక్ స్టాండ్లు. బయటికి కనిపించేది ఇంతే.

ఈ రచన విలువ తెలియాలంటే మిగతావాళ్ళు ఏం చేశారో ముందు చూడాలి. రికార్డు చేసిన శబ్దాలతో సంగీతం కట్టడం 1948లో పారిస్ రేడియోలో పియర్ షెఫెర్ చేతుల మీదుగా మొదలైంది. వాద్యాన్ని దానికి జత చేసే ప్రయత్నాలు కూడా వెంటనే వచ్చాయి. నోనోకి దగ్గరి స్నేహితుడు, ఒక రకంగా గురువు కూడా అయిన బ్రూనో మదెర్నా 1952లోనే ఫ్లూటునీ టేపునీ కలిపి రాశాడు. 1954లో ఎడ్గార్ వరేజ్ 'దెజేర్'లో ఇంకో దారి పట్టాడు: ఆర్కెస్ట్రా వాయిస్తున్నంతసేపూ టేపు మౌనంగా ఉంటుంది, టేపు మోగేటప్పుడు ఆర్కెస్ట్రా ఆగుతుంది. చిక్కుని విప్పడం కంటే తప్పించుకోవడమే ఇది, కానీ ఆ తప్పించుకోవడంలో ఒక నిజాయితీ ఉంది. రెండూ ఒకే కాలంలో బతకలేవని వరేజ్ ఒప్పుకున్నట్టే.

వయొలిన్ వరకే చూసుకుంటే మూడు జవాబులు కనిపిస్తాయి, మూడూ గట్టివే. మొదటిది స్టీవ్ రైష్ 1967లో రాసిన 'వయొలిన్ ఫేజ్'. టేపు మొండిగా ఒకే ముక్కని తిప్పి తిప్పి వినిపిస్తుంటే, వయొలినిస్టు అదే ముక్కని దానితో సమానంగా మొదలుపెట్టి, ఎవరికీ తెలియనంత మెల్లగా వేగం పెంచుతూ ఒక మెట్టు ముందుకి జరుగుతాడు. టేపు కదలదు కాబట్టే ఆ జరగడం చెవికి తెలుస్తుంది. అంటే అందరూ లోపమనుకున్న మొండితనాన్నే రైష్ ముడిసరుకుగా వాడుకున్నాడు. రెండోది మారియో దావిదోవ్‌స్కీ 'సింక్రొనిజమ్స్' వరుసలోని తొమ్మిదోది, 1988 నాటిది. ఇక్కడ వయొలిన్, టేపు ఒకదానిలో ఒకటి పూర్తిగా కుట్టుకుపోతాయి. వయొలిన్ ఒక స్వరాన్ని గిల్లి వదిలితే దాని మోత టేపులో కొనసాగుతుంది, టేపులో మొదలైన శబ్దం వయొలిన్ మీద తేలుతుంది. అంత అల్లికకి వాయించేవాళ్ళు టేపుని అణువణువూ కంఠతా పట్టాలి, క్షణం తేడా వచ్చినా కుట్టు ఊడిపోతుంది. మూడోది పియర్ బూలేజ్ 1997లో తెచ్చిన 'ఆంథెమ్ 2'. అందులో టేపే లేదు, కంప్యూటర్ స్కోరుని, అంటే కంపోజర్ రాసిన స్వరలిపిని, అనుసరిస్తూ వయొలినిస్టు ఎక్కడున్నాడో కనిపెట్టి, దానికి తగ్గట్టు అప్పటికప్పుడు శబ్దాన్ని మారుస్తుంది. చూడ్డానికి ఇదే అసలు పరిష్కారం, యంత్రానికి వినడం నేర్పేశాం, ఇక గొడవ లేదు అనిపిస్తుంది.

నోనో ఈ మూడింటిలో ఏదీ చెయ్యలేదు. వయొలిన్, టేపు కలవాల్సిన చోటు అంటూ ఒక్కటి కూడా పెట్టలేదు. ఇద్దరూ వేర్వేరు కాలాల్లో ఉండొచ్చు, కానీ ఒకే గదిలో ఉండాలి, ఒకరినొకరు వినాలి. ఆయన పెట్టిన షరతు అంతవరకే.

ముందు టేపు సంగతి. 1988 ఫిబ్రవరిలో జర్మనీలోని ఫ్రైబుర్గ్ ఎక్స్‌పెరిమెంటల్ స్టూడియోలో వయొలినిస్టు గిడాన్ క్రెమర్‌తో నోనో రికార్డింగ్‌కి కూర్చున్నాడు. చేతిలో పూర్తయిన స్కోరేమీ లేదు. క్రెమర్ వాయించాడు, రకరకాలుగా వాయించాడు, నోనో విన్నాడు, మాట్లాడాడు, ఇంకోలా వాయించమన్నాడు. ఆ రికార్డింగుల నుంచే ఎనిమిది ట్రాకులు తయారయ్యాయి. కొన్ని ట్రాకుల్లో వయొలిన్ స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఇది ఒక్క వాద్యమేనా అన్నంత దట్టంగా ఉంటాయి. కొన్నింటిలో క్రెమర్ వాయించిన స్వరాలు పెద్దగా మార్పు లేకుండా, విడివిడిగా, నగ్నంగా వినిపిస్తాయి. మరికొన్నింటిలో పైస్థాయిలో సన్నగా ఎగిరిపోయే హార్మోనిక్స్, తీగని తేలిగ్గా తాకితే వచ్చే ఈల లాంటి స్వరాలు. వీటన్నిటితో పాటు ఇంకో రకం ట్రాకులున్నాయి: స్టూడియోలో మనుషుల మాటలు, తలుపు చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. మామూలు రికార్డింగ్‌లో ఎడిటర్ మొట్టమొదట కోసి పారేసేది దీన్నే. నోనో దాన్ని ఉంచడమే కాకుండా మిగతా ట్రాకులతో సమానమైన స్థానమిచ్చాడు.

ఆ నిర్ణయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే రచన నడిచే తీరు అంతా అందులోనే ఉంది. వయొలిన్ శబ్దం మాత్రమే ఉన్న టేపు ఎక్కడిదైనా కావచ్చు, ఎప్పటిదైనా కావచ్చు. తలుపు చప్పుడు వినపడగానే అది ఒక గది అయిపోతుంది, ఒక రోజు అయిపోతుంది. ఎవరో ఒకప్పుడు ఒకచోట కూర్చుని పని చేశారనీ, ఆ పని మనకి ఇప్పుడు వినిపిస్తోందనీ చెవికి తెలుస్తుంది. హాల్లో ప్రత్యక్షంగా వాయిస్తున్న వయొలినిస్టు వర్తమానం, స్పీకర్లలో ఉన్నది గతం, రెండూ ఒకే వాద్యం. 'గతాన్ని తలుచుకునే, ఆదర్శాన్ని కలగనే, భవిష్యత్తులో ఉన్న దూరం' అనిపించే ఆ పొడవాటి శీర్షిక మొదటిసారి చదివితే తత్వశాస్త్రం క్లాసు గుర్తొచ్చి బెదురు పుట్టొచ్చు, కానీ వినేటప్పుడు అందులో అర్థం కానిది ఏమీ లేదు. దూరం అంటే ఇక్కడ స్టేజీకీ స్పీకరుకీ మధ్య దూరం, 1988కీ ఇవాళ్టికీ మధ్య దూరం.

క్రెమర్ 1988 సెప్టెంబర్‌లో బెర్లిన్‌లో దీన్ని మొదటిసారి వాయించినప్పుడు ఆయన చుట్టూ స్పీకర్లలో ఉన్నది ఆయనే, ఏడు నెలల ముందటి ఆయన. నోనోకి ఈ పద్ధతి కొత్త కాదు. 1976లో పియానిస్టు మౌరీత్సియో పొల్లీనీ కోసం రాసిన 'సొఫెర్తె ఓందె సెరేనె'లోనూ పొల్లీనీ వాయించిన పియానోనే టేపుగా మార్చి, పొల్లీనీనే దాని ఎదుట కూర్చోబెట్టాడు. అయితే లొంతనాంత్సా విషయంలో క్రెమర్ తర్వాత వాయించిన ప్రతి ఒక్కరికీ పరిస్థితి మారిపోయింది. వయొలినిస్టు ఇర్విన్ అర్దిత్తి వాయించినా, ఇంకెవరు వాయించినా, వాళ్ళు ఎదుర్కునేది ఇంకొకరి గతాన్ని. ఇంకొకరి చేతి బరువు, ఇంకొకరి కమాను నడక, ఇంకొకరి శ్రుతి. పేరుకి సోలో వయొలిన్ రచన, జరిగేది మాత్రం ఎప్పుడూ జంట వాద్యమే, అందులో ఒకరు హాలుకి రాలేదు, మారలేరు, ఎదుటివాళ్ళని వినలేరు. వినే బాధ్యత అంతా ప్రాణమున్న మనిషి మీదే పడుతుంది. టేపు వినదన్న పాత చిక్కుని నోనో ఇలా తిరగేశాడు: టేపుకి చెవులు లేవు కాబట్టి ఆ లోటు తీర్చేలా మనిషి వినాలి. బూలేజ్ యంత్రానికి వినడం నేర్పాడు, నోనో ఆ భారం మనిషికే ఉంచాడు. ఈ రెండో దారే కష్టమైనదీ, సంగీతానికి ఎక్కువ మేలు చేసేదీ.

ఆయనకి లైవ్ ఎలక్ట్రానిక్స్ తెలియక టేపు వాడాడనుకుంటే పొరపాటు. 1980 నుంచి అదే ఫ్రైబుర్గ్ స్టూడియోలో అప్పటికప్పుడు శబ్దాన్ని మార్చే పరికరాలతోనే ఆయన ఎక్కువ పని చేశాడు. 1984లో వెనిస్ సాన్ లొరెంజో చర్చిలో వినిపించిన భారీ రచన 'ప్రొమెతేయో' నిలబడిందే ఆ పరికరాల మీద. అదంతా చేతిలో ఉన్న మనిషి 1988లో మళ్ళీ పాత టేపు దగ్గరికి వచ్చాడంటే కావాలనే వచ్చాడు. లైవ్ ఎలక్ట్రానిక్స్ ఎంత గొప్పగా ఉన్నా అది వాయించేవాడి నీడ, ఆయన ఆగితే ఆగుతుంది. నీడతో వాదించలేం. టేపు మాత్రం ఇంకో మనిషిలా ఎదురుగా నిలబడుతుంది, నువ్వున్నా లేకపోయినా నా దారి నాది అంటుంది.

ఇప్పుడు వయొలినిస్టు ఏం చేస్తాడో చూద్దాం. స్కోరు ఆరు భాగాలు. ఒక్కో భాగం ఒక్కో స్టాండు మీద ఉంటుంది. స్టాండ్లు మాత్రం ఎనిమిది నుంచి పది, హాల్లో ఒక క్రమమంటూ లేకుండా, కుదిరితే ప్రేక్షకుల మధ్యలో కూడా పెడతారు. అంటే కొన్ని స్టాండ్లు ఖాళీ. వయొలినిస్టు ఒక భాగం ముగించి తర్వాతి స్టాండు వెతుక్కుంటూ నడుస్తాడు, తిన్నగా వెళ్ళకూడదు, దారి తెలియనివాడిలా వెళ్ళాలి, ఖాళీ స్టాండు దగ్గరికి వెళ్ళి అక్కడేమీ లేక ఇంకోవైపు తిరగొచ్చు. నడుస్తున్నంతసేపూ టేపు మోగుతూ ఉండొచ్చు, పూర్తిగా మూగబోనూ వచ్చు. ఇదంతా నాటకం కోసం అనిపించవచ్చు, కొందరు అలాగే చేసి చెడగొడతారు కూడా. దాని అసలు పని వేరు. ఆ నడకే వయొలినిస్టుకి వినే సమయం. తర్వాతి భాగం ఎప్పుడు మొదలుపెట్టాలో ఎక్కడా రాసి లేదు. టేపులో ఏం జరుగుతోందో విని, ఇప్పుడు దానికి ఎదురు వెళ్ళాలా, దానిలో కలిసిపోవాలా, అది తగ్గేదాకా ఆగాలా అన్నది అక్కడ, నడుస్తూ, తేల్చుకోవాలి. ఒక్కోసారి చోటు మారడం వల్ల వాయించేవాడికి వినిపించే టేపు కూడా మారిపోతుంది, ఇంతకుముందు దూరంగా ఉన్న స్పీకరు ఇప్పుడు చెవి పక్కనే ఉంటుంది. పూర్తి శీర్షికలో ఈ రచనకి 'గిడాన్ క్రెమర్‌తో కలిసి, పలువురు బాటసారుల కోసం మాడ్రిగల్' (కొన్ని గొంతులు అల్లుకునే గానం) అన్న వర్ణన ఉంది. స్పెయిన్‌లోని తొలేదోలో ఒక మఠం గోడ మీద చూశానని నోనో చెప్పిన వాక్యం, 'నడిచేవాళ్ళారా, దారులు లేవు, నడవాల్సిందే' అన్నది, ఆయన చివరి మూడు నాలుగేళ్ళ రచనల్లో పదేపదే కనిపిస్తుంది. ఇక్కడ ఆ వాక్యం కాళ్ళతోనే జరుగుతుంది.

ఇక మిక్సర్ దగ్గర కూర్చునే రెండో మనిషి. ప్రోగ్రాం కాగితంలో ఈయన పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది అన్యాయం. ఎనిమిది ట్రాకులూ మొత్తం గంటసేపూ ఒకేసారి మోగవు. ఏ క్షణంలో ఏ ట్రాకు తెరవాలి, ఎంత గట్టిగా, హాలు చుట్టూ ఉన్న స్పీకర్లలో ఏ వైపు నుంచి రావాలి, ఎప్పుడు అన్నీ మూసేసి వయొలిన్‌ని ఒంటరిగా వదలాలి, ఇవన్నీ ఈయన ఫేడర్ల మీదే, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీటల మీదే, ఆధారపడి ఉంటాయి. స్కోరు చూసి నడిపేది కాదు, వింటూ నడిపేదే. బెర్లిన్ మొదటి ప్రదర్శనలో ఈ పని నోనోనే స్వయంగా చేశాడు. తర్వాతి రికార్డింగుల్లో ఎవరెవరు చేశారో చూస్తే దీని స్థాయి అర్థమవుతుంది: క్రెమర్ రికార్డింగ్‌లో టేపు నడిపింది సోఫియా గుబైదులీనా, వయొలినిస్టు మెలీసె మెలింగర్ రికార్డింగ్‌లో నడిపింది సాల్వతోరె షారీనో. ఇద్దరూ పేరున్న కంపోజర్లు, పైగా నోనో ఈ రచనని అంకితమిచ్చిందే షారీనోకి. సౌండ్ ఇంజనీరు పనికి ఎవరూ ఇలాంటి కంపోజర్లని పిలవరు. టేపులోని శబ్దం మారకపోయినా, టేపు మాట్లాడే తీరు మారుతుంది, ఆ మార్చేది ఈ మనిషే. కాబట్టి 'టేపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది' అన్న మాట ఈ ఒక్క రచన విషయంలో సగమే నిజం. ట్రాకు లోపల కాలం గట్టిగా బిగుసుకుని ఉంటుంది, ఏ ముక్క చెవిన పడుతుందన్నది మాత్రం ఆ రాత్రికి ఆ రాత్రే తేలుతుంది. అందుకే ప్రదర్శన నిడివి కూడా దాదాపు నలభై నిమిషాల నుంచి గంట దాకా ఎంతైనా ఉండొచ్చు.

ఇంత స్వేచ్ఛ ఉంటే ఇక రచన ఏముంది, ఎవరికి తోచింది వాళ్ళు చేసుకుంటారు కదా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకి చూపించాల్సింది వయొలిన్ స్కోరు. అందులో సూచనలు అంత కిక్కిరిసి ఉంటాయి. కమాను ఎక్కడ తగలాలి, బ్రిడ్జి పక్కనా, ఫింగర్ బోర్డు మీదా, వెంట్రుకలతోనా, కర్రతోనా, లేక రెండూ కలిపా అన్నది స్వరానికి స్వరం మారిపోతుంది. 'చాలా తక్కువ శబ్దంతో' అని చెప్పే గుర్తు మామూలు సంగీతంలో రెండో మూడో 'p' అక్షరాలు, ఇక్కడ అవి ఐదారు దాకా పేరుకుంటాయి, అంటే వినపడీ వినపడని అంచు దాకా. ఉన్నట్టుండి ఒక స్వరం గట్టిగా చీల్చుకుని వస్తుంది, మళ్ళీ అంచుకి. పట్టి ఉంచే పొడుగు స్వరాలు కూడా కదలకుండా ఉండకూడదు, స్థాయిలో అతి సన్నని తేడాలతో ఊగుతూ బతికి ఉండాలి. కమాను బరువు కాస్త ఎక్కువైతే స్వరం ముతకగా మారుతుంది, కాస్త తక్కువైతే గాలి శబ్దమే మిగులుతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి గీత మీద పది నిమిషాలు నిలబడటం పెద్ద కచేరీలు అలవాటైన చేతులకి కూడా చెమటలు పట్టించే టెన్షన్. కాబట్టి స్వేచ్ఛ అంతా 'ఎప్పుడు' అన్న ప్రశ్న దగ్గరే ఉంది. 'ఏమిటి', 'ఎలా' అన్నవాటిలో నోనో ఎవరికీ అంగుళం కూడా వదల్లేదు.

మాడ్రిగల్ అన్న పేరు కూడా అలవాటుగా పెట్టింది కాదు. అది పదహారో శతాబ్దపు ఇటలీలో కొన్ని గొంతులు సమానంగా, ఎవరి వరుస వాళ్ళు పాడుతూ అల్లుకునే గానం. నోనో వెనిస్‌లో పుట్టాడు, 1990లో అక్కడే చనిపోయాడు, యువకుడిగా మదెర్నాతో కలిసి పాత వెనిస్ సంగీతాన్ని లోతుగా చదివాడు. సాన్ మార్కో చర్చిలో గాయక బృందాలని వేర్వేరు చోట్ల నిలబెట్టి, సంగీతం ఎటునుంచి వస్తోందన్నదాన్ని కూడా రచనలో భాగం చేసిన ఊరది. హాలు నాలుగు వైపులా స్పీకర్లు, మధ్యలో తిరిగే వయొలిన్ చూస్తే అదే ఆలోచన ఎలక్ట్రానిక్స్‌లోకి వచ్చిందని తెలుస్తుంది. మొత్తం తొమ్మిది గొంతులు, ఎనిమిది రికార్డయినవి, ఒకటి ప్రాణమున్నది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈ రచన హాలు మీద బాగా ఆధారపడుతుంది. చదునైన, పొడి శబ్దం ఉన్న హాల్లో, స్పీకర్లు సరిగా సర్దకపోతే, ఒక మూల కూర్చున్నవాళ్ళు గంటసేపు ఒకే స్పీకరు వింటారు, వయొలిన్ దూరంగా ఎక్కడో ఉంటుంది, అప్పుడు దూరం అనుభవంగా కాకుండా అసౌకర్యంగా మిగిలిపోతుంది. నిశ్శబ్దాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ప్రేక్షకుల ఓపిక మీద కూడా చాలా భారం పడుతుంది. రెండు స్పీకర్ల రికార్డింగ్‌లో అయితే చోటు అన్న కోణం దాదాపు పోతుంది, నడక అసలే వినపడదు. ఇవన్నీ నిజమే. అయినా రికార్డింగ్ వినడం వృథా కాదు, ఎందుకంటే గతానికీ వర్తమానానికీ మధ్య ఆ వాదన హెడ్‌ఫోన్లలో కూడా చక్కగా వినిపిస్తుంది, కొన్ని చోట్ల ఏది టేపో ఏది ప్రత్యక్షమో తేల్చుకోలేక చెవి తడబడటం కూడా అందులో భాగమే.

ఒక ప్రశ్న మాత్రం తేల్చుకోవాల్సి ఉంది. ఈ టేపుని కొత్త వయొలినిస్టులు తమ సొంత వాయింపుతో కొత్తగా రికార్డు చేసుకోవచ్చా? అడగడం సహజమే, శబ్దం ఇంకా శుభ్రంగా ఉంటుంది, కొత్త మైకులు, కొత్త స్టూడియో. పైగా మొదటి ప్రదర్శనలో క్రెమర్ తననే తాను విన్నాడు కదా, మాకూ అదే అవకాశం ఇవ్వండి అనొచ్చు. కానీ అలా చేస్తే పోయేవి చాలా ఉన్నాయి. ఆ ఫిబ్రవరిలో ఆ గదిలో జరిగిన వెతుకులాట పోతుంది, నోనో 'ఇలా కాదు, అలా' అంటూ క్రెమర్ చేత రాబట్టిన శబ్దాలు పోతాయి, తలుపులూ కుర్చీలూ నటించిన తలుపులూ కుర్చీలూ అయిపోతాయి. పాత టేపుని డిజిటల్‌లోకి మార్చి భద్రపరచడం అవసరమే, దాని స్థానంలో ఇంకోటి పెట్టడం మాత్రం రచననే మార్చెయ్యడం.

మొదటిసారి వినాలనుకునేవాళ్ళకి మంచి దారి, గుబైదులీనా టేపు నడిపిన క్రెమర్ రికార్డింగ్‌నీ, షారీనో నడిపిన మెలింగర్ రికార్డింగ్‌నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కోదాంట్లో మొదటి పదిహేను నిమిషాలు వినడం. శీర్షిక గురించి, తత్వం గురించి అప్పుడే ఆలోచించనక్కర్లేదు. రెండింటిలోనూ స్పీకర్ల వైపు ఉన్నది అదే ఫ్రైబుర్గ్ క్రెమర్. ఒకదాంట్లో తన పాత శబ్దానికి తనే ఎదురు నిలుస్తాడు, రెండోదాంట్లో ఇంకొకరు నిలుస్తారు. వయొలిన్ ఎక్కడెక్కడ ఆగి టేపుని పోనిస్తోందో, ఎక్కడ దాని మీదికి వెళ్తోందో గమనిస్తూ ఆ పదిహేను నిమిషాలు గడిపితే చాలు, మిగతా భాగంలో ఏం వినాలో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.